కారును కిందికి దించాక టైరు లోపలివైపే ఎందుకు అరుగుతుంది?

బయటి నుంచి చూస్తే టైరు కొత్తదే. గాళ్లు లోతుగా ఉన్నాయి, పక్కగోడ మీది అక్షరాలు కూడా మాయలేదు. స్టీరింగును ఒక పక్కకు పూర్తిగా తిప్పి, చక్రం వెనక్కి చెయ్యి పోనిచ్చి తడిమితేగాని అసలు సంగతి తెలియదు. లోపలి అంచు నున్నగా అయిపోయి ఉంటుంది. ఇంకొన్ని రోజులు ఆగితే రబ్బరు పోయి తీగలే తేలతాయి. పొట్టి స్ప్రింగులు వేయించి కారును 30, 40 మిల్లీమీటర్లు దించుకున్నవాళ్లలో చాలామంది ఈ ముచ్చట చూసే ఉంటారు.

దీనికి దాదాపు అందరూ చెప్పే కారణం ఒక్కటే: “క్యాంబర్ పోయింది.” అందులో కొంత నిజం ఉంది, కానీ ఎక్కువ భాగం పొరపాటు. ఆ పొరపాటు వల్లే కొందరు క్యాంబర్ సరిచేయించడానికి వేలు ఖర్చుపెట్టి, అసలు దొంగను వదిలేస్తున్నారు. మరికొందరు “దించిన కారుకు టైర్లు అరగడం మామూలే” అని సరిపెట్టుకుంటున్నారు.

మూడు కోణాలు, ఒక తికమక

చక్రం నేల మీద ఎలా నిలబడిందో చెప్పడానికి మూడు కొలతలు వాడతారు. కారుకు ఎదురుగా నిలబడి చూసినప్పుడు చక్రం తల లోపలికో బయటికో వాలి ఉంటే ఆ వాలు క్యాంబర్. తల లోపలికి వాలితే నెగెటివ్, బయటికి వాలితే పాజిటివ్. కారును పైనుంచి చూడగలిగితే కనిపించేది టో. మనిషి పాదాల వేళ్లను లోపలికి తిప్పి నిలబడ్డట్టు చక్రాల ముందు భాగాలు దగ్గరైతే టో-ఇన్, దూరమైతే టో-అవుట్. ఇక స్టీరింగు తిప్పినప్పుడు చక్రం ఏ గీత చుట్టూ తిరుగుతుందో ఆ గీత పక్క నుంచి చూస్తే వెనక్కి వాలి ఉంటుంది. ఆ వాలు క్యాస్టర్. మలుపు తర్వాత స్టీరింగు తనంతట తాను నిటారుగా రావడానికి ముఖ్య కారణం ఇదే.

ఈ కోణాలను యంత్రంతో కొలిచి ఇచ్చే అలైన్‌మెంట్ రిపోర్టు చదివేటప్పుడు చాలామంది బోల్తా పడే చోటు ఒకటుంది. అందులో అంకెలు డిగ్రీలు, నిమిషాల్లో ఉంటాయి. ఒక డిగ్రీకి 60 నిమిషాలు. కాబట్టి −1°30′ అంటే మైనస్ ఒకటిన్నర డిగ్రీ, 1.3 డిగ్రీలు కాదు. 0°50′ అంటే అర డిగ్రీ కాదు, దాదాపు 0.83 డిగ్రీ. కొన్ని యంత్రాలు దశాంశాల్లో, కొన్ని నిమిషాల్లో, టో విషయంలో కొన్ని మిల్లీమీటర్లలో కూడా చూపిస్తాయి. ఎక్కడో చదివిన “0.20”ను మన రిపోర్టులోని 0°20′తో పోల్చుకుంటే లెక్క మొదట్లోనే తప్పుతుంది, ఎందుకంటే 0°20′ అంటే 0.33 డిగ్రీ.

కారు దిగినప్పుడు కింద ఏమి జరుగుతుంది?

మన రోడ్ల మీద తిరిగే చిన్న, మధ్యతరగతి కార్లలో ఎక్కువ వాటికి ముందు ఉండేది మాక్‌ఫెర్సన్ స్ట్రట్. ఎర్ల్ మాక్‌ఫెర్సన్ అనే ఇంజినీరు పేరుతో వచ్చిన ఈ ఏర్పాటు 1950లో ఫోర్డ్ కాన్సుల్, జెఫిర్ కార్లతో బాగా వ్యాపించింది. మన మారుతి 800కూ ముందు ఇదే, ఇవాళ్టి స్విఫ్ట్‌కూ ఇదే. కింద చక్రాన్ని బాడీకి కలిపే లోయర్ ఆర్మ్ అనే చెయ్యి, దాని చివర అన్ని వైపులా తిరిగే కీలు (బాల్ జాయింట్), పైన స్ప్రింగు, షాక్ అబ్జార్బర్ కలిసిన ఒక్క స్తంభం. ఆ స్తంభం తల బానెట్ కింద బాడీకి బిగించి ఉంటుంది.

ఇప్పుడు ఒక ఊహా కారును తీసుకుందాం. లోయర్ ఆర్మ్ పొడవు 330 మి.మీ., బయటి వైపు 8 డిగ్రీలు కిందికి వాలి ఉంది. స్ట్రట్ తల బాల్ జాయింట్‌కు 600 మి.మీ. పైన, 110 మి.మీ. లోపలికి ఉంది. కారు 35 మి.మీ. దిగిందంటే బాడీతో పోలిస్తే బాల్ జాయింట్ 35 మి.మీ. పైకి లేచినట్టు. ఆర్మ్ దాదాపు నేలకు సమాంతరమవుతుంది, దాని చివర సుమారు 3 మి.మీ. బయటికి జరుగుతుంది. కింది కొస బయటికి పోయింది, పై కొస ఉన్నచోటే ఉంది, మధ్య దూరం తగ్గింది. లెక్క వేస్తే చక్రం తల దాదాపు 0.9 డిగ్రీ లోపలికి వాలుతుంది. ఎవరూ ఏ బోల్టూ ముట్టుకోకుండానే వచ్చిన నెగెటివ్ క్యాంబర్ ఇది.

ఇదే కారులో చక్రం పైకి లేచే ప్రతి 10 మి.మీ.కూ కలిసే క్యాంబర్‌ను చూస్తే ఇంకో విషయం తెలుస్తుంది. కంపెనీ ఎత్తులో అది 0.29 డిగ్రీ. 35 మి.మీ. దించాక 0.22. 70 మి.మీ. దించితే 0.13 మాత్రమే. ఆర్మ్ సమాంతర స్థితిని దాటి బయటి కొస పైకి తిరిగే కొద్దీ ఈ సస్పెన్షన్ మలుపుల్లో చక్రాన్ని నిటారుగా నిలిపే శక్తిని పోగొట్టుకుంటుంది. దానితో పాటు రోల్ సెంటర్ కూడా దిగుతుంది. మలుపులో బాడీ ఏ బిందువు ఆధారంగా ఒరుగుతుందో ఆ ఊహా బిందువే రోల్ సెంటర్. కారు 35 దిగితే అది అంతకంటే ఎక్కువ దిగుతుంది. బరువు కేంద్రం కిందికి వచ్చిందన్న లాభంలో కొంత ఇక్కడ కరిగిపోతుంది. “ఎంత దించితే అంత మంచి పట్టు” అన్న నమ్మకానికి స్ట్రట్ కార్లలో ఈ లెక్కే అడ్డు. దించిన కార్లు మలుపుల్లో తక్కువ ఒరగడానికి ప్రధాన కారణం వాటికి వేసే గట్టి స్ప్రింగులు, ఎత్తు తగ్గడం ఒక్కటే కాదు.

పైకీ కిందికీ రెండు ఆర్ములుండే డబుల్ విష్‌బోన్ కార్ల తీరు వేరు. పై ఆర్మ్ పొట్టిగా ఉండటంవల్ల దిగేకొద్దీ నెగెటివ్ క్యాంబర్ జోరుగా పెరుగుతూ పోతుంది. అక్కడ క్యాంబర్ గురించిన ఆందోళనకు ఎక్కువ అర్థముంది.

నింద క్యాంబర్ మీద, అరిగించేది టో

చక్రాన్ని తిప్పే టై రాడ్ కూడా లోయర్ ఆర్మ్ లాగే లోపలి కొస దగ్గర ఆని, ఒక చాపం మీద పైకీ కిందికీ కదులుతుంది. రెండింటి పొడవులు, వాలులు కంపెనీ ఎత్తులో దాదాపు కలిసి కదిలేలా లెక్కగా పెడతారు. కారు దిగాక ఆ పొత్తు చెదురుతుంది. క్యాంబర్ మారడం కూడా టై రాడ్‌తో పోల్చితే చక్రాన్ని కాస్త నెడుతుంది లేదా లాగుతుంది. ఫలితంగా టో మారుతుంది. టో-ఇన్ అవుతుందా, టో-అవుట్ అవుతుందా అన్నది స్టీరింగ్ ర్యాక్ (టై రాడ్లను అటూ ఇటూ నెట్టే కడ్డీ) చక్రాల గీతకు ముందుందా వెనకుందా, ఏ ఎత్తులో ఉందన్న దాన్నిబట్టి కారుకో తీరు.

మన ఊహా కారులో దించిన తర్వాత ఒక్కో ముందు చక్రం 0°25′ టో-అవుట్ అయిందనుకుందాం. కంటికి ఏమీ తెలియదు. 15 అంగుళాల రిమ్ దగ్గర కొలిస్తే రెండు చక్రాలకూ కలిపి ఐదున్నర మిల్లీమీటర్ల తేడా. కానీ కారు నేరుగా పోతుంటే ఆ చక్రం తాను చూస్తున్న దిక్కుకు కాక 0°25′ పక్కకు ఈడ్చుకుపోతూ ఉంటుంది. కిలోమీటరుకు ఆ పక్క ఈడ్పు 7.3 మీటర్లు. హైదరాబాదు నుంచి విజయవాడ సుమారు 275 కిలోమీటర్లు. అంటే ఒక్క వైపు ప్రయాణంలో ఆ టైరు రెండు కిలోమీటర్లు అడ్డంగా రుద్దుకుపోయినంత లెక్క. నిజానికి రబ్బరు కొంత వంగి సర్దుకుంటుంది, మొత్తం దూరం జారదు. అయినా టైరు మూడు నాలుగు వేల కిలోమీటర్లకే ఎందుకు చచ్చిందో అర్థం చేసుకోవడానికి ఈ అంకె చాలు.

క్యాంబర్ చేసేది వేరు. −1° క్యాంబర్‌తో 185 మి.మీ. వెడల్పు టైరు నిలబడితే లోపలి అంచుకు, బయటి అంచుకు మధ్య ఎత్తు తేడా 3.2 మి.మీ. టైరు పక్కగోడ వంగి దానిలో చాలా భాగాన్ని మింగేస్తుంది. బరువు లోపలి వైపు కాస్త ఎక్కువ పడుతుంది, ఆ వైపు కాస్త ముందుగా అరుగుతుంది. టో సరిగ్గా ఉంటే ఈ అరుగుదల నిదానంగా, ఒక వాలుగా సాగుతుంది. టో-అవుట్ కూడా తోడైతేనే అసలు విధ్వంసం: క్యాంబర్ బరువును లోపలి అంచు మీదికి తోస్తుంది, టో ఆ అంచునే రోడ్డుకేసి గీకుతుంది. నేరం ఇద్దరిదీ, కానీ ఆయుధం టో చేతిలో ఉంది.

ఏది ఎంత అరిగించిందో టైరే చెబుతుంది. అరచేతిని ట్రెడ్ మీద అడ్డంగా ఒకసారి లోపలి నుంచి బయటికి, మరోసారి బయటి నుంచి లోపలికి పోనిస్తే, ఒక దిక్కులో నున్నగా, ఎదురు దిక్కులో రంపపు పళ్లలా గుచ్చుకుంటే అది టో గుర్తు. ఏ దిక్కులోనూ గుచ్చుకోకుండా ఒక అంచు మాత్రమే పల్చబడి ఉంటే క్యాంబర్ వైపు చూడాలి.

రిపోర్టులోని ఎరుపును ఎలా చదవాలి?

కెమెరాలు, చక్రాలకు తగిలించే పలకలతో పనిచేసే త్రీడీ యంత్రాలు ఇప్పుడు చిన్న పట్టణాల్లోనూ ఉన్నాయి. కంపెనీ ఇచ్చిన హద్దుల్లో ఉంటే అంకెను ఆకుపచ్చలో, లేకుంటే ఎరుపులో చూపిస్తాయి. దించిన కారుకు ఈ రంగులు సగమే ఉపయోగం. ఎందుకంటే ఆ హద్దులు కంపెనీ ఎత్తుకు రాసినవి.

మన ఊహా కారు రిపోర్టు ఇలా వచ్చిందనుకుందాం: ముందు క్యాంబర్ ఎడమ −1°05′, కుడి −1°15′. ముందు టో ఎడమ −0°22′, కుడి −0°28′, మొత్తం −0°50′ (టోలో మైనస్ అంటే టో-అవుట్). అన్నీ ఎరుపే. అయినా అన్నింటికీ ఒకే బరువు లేదు. క్యాంబర్‌లో ఎడమ కుడుల తేడా 10 నిమిషాలే. సాధారణంగా 30 నిమిషాల లోపు తేడాను పట్టించుకోరు. దించినందుకు రావలసినంత వాలే వచ్చింది, రెండు వైపులా సమంగా వచ్చింది. అంటే అది ఎరుపైనా రోగం కాదు. టో మాత్రం రోగమే. టై రాడ్లు సర్ది ఒక్కో చక్రానికి సున్నా దగ్గరికో, +0°02′ దగ్గరికో తెస్తే ఈ కారు టైర్లకు ప్రాణం లేచొస్తుంది. క్యాంబర్ రిపోర్టులో ఎర్రగానే ఉండిపోతుంది, ఉండనివ్వవచ్చు.

ఇదే కారులో క్యాంబర్ ఎడమ −0°20′, కుడి −1°50′ అని వచ్చి ఉంటే కథ మారేది. అది ఎత్తు తగ్గడంవల్ల వచ్చింది కాదు. వంగిన ఆర్మ్, గోతిలో పడి మెలిక పడిన స్ట్రట్, పక్కకు జరిగిన సబ్‌ఫ్రేమ్ (ఆర్ములను మోసే చట్రం), వీటిలో ఏదో ఒకటి ఉండి తీరాలి.

క్యాంబర్ ఎంత ఉండాలి: ఎవరి వాదన వారిది

కంపెనీ అంకెకే తిరిగి తేవాలనేవాళ్లు కొందరు. వాళ్ల చేతిలోని సాధనం క్యాంబర్ బోల్టు. స్ట్రట్‌ను నకిల్‌కు (చక్రాన్ని మోసే ఇనుప ముక్కకు) కలిపే రెండు బోల్టుల్లో ఒకదాని స్థానంలో ఇరుసు పక్కకు జరిగిన బోల్టు వేసి తిప్పితే చక్రం వాలు సుమారు ఒక డిగ్రీ మేర సర్దుకోవచ్చు. రోజూ హైవే మీద నేరుగా తిరిగే కారుకు, అందులోనూ ఖరీదైన టైర్లు వేసినప్పుడు, ఈ వాదనలో బలముంది. కానీ ఇది అన్ని కార్లకూ కుదరదు. కొన్ని యూరోపియన్ కార్లలో స్ట్రట్ నకిల్‌లోకి దూరి బిగుసుకుంటుంది, అక్కడ తిప్పడానికి బోల్టే లేదు. ఆ సన్నటి బోల్టు మన గుంతల దెబ్బలకు జారుతుందన్న భయం కూడా కొందరు మెకానిక్కులకు ఉంది. సరైన టార్క్‌తో బిగించకపోతే ఆ భయం నిజమే అవుతుంది.

వచ్చిన క్యాంబర్‌ను వదిలేయాలనేవాళ్లు ఇంకొందరు. వాళ్ల పక్షాన పైలెక్కనే మళ్లీ పిలవవచ్చు. 3 డిగ్రీల ఒరుగుదలలో కంపెనీ ఎత్తులో ఉన్న మన ఊహా కారు బయటి చక్రం రోడ్డుతో పోలిస్తే 2 డిగ్రీల క్యాంబర్ పోగొట్టుకుంటుంది. 35 మి.మీ. దించితే 2.3 డిగ్రీలు. పోయింది అదనంగా 0.3, దించినందుకు ముందే చేరింది 0.9. ఇంకా లాభంలోనే ఉంది. ఆ 0.9ని తీసేస్తే కారు మలుపుల్లో కంపెనీ కారు కంటే అధ్వానమవుతుంది. ఈ లెక్క నాకు ఎక్కువ నచ్చుతుంది.

మూడో పక్షం ఇంకా పెంచమంటుంది, −2°, −2.5° అని. ట్రాక్ మీద, మెత్తటి రబ్బరు టైర్లతో, మలుపు మీద మలుపు తిరిగే కారుకు అది అవసరమే. ఔటర్ రింగ్ రోడ్డు మీద నేరుగా పోయే కారుకు అది ముందు చక్రాల బ్రేకు పట్టును కొంత తగ్గించి, లోపలి అంచును కొంత ఎక్కువ తినడం తప్ప చేసేది తక్కువ. చూడటానికి బాగుంటుందనుకుంటే అది వేరే చర్చ. వీధి వాడకానికి దించిన ఫ్రంట్ వీల్ డ్రైవ్ కార్లలో సాధారణంగా కనిపించే సెట్టింగు ముందు క్యాంబర్ −1° నుంచి −1°30′, ముందు టో సున్నా లేదా రవ్వంత టో-ఇన్.

వెనక చక్రాలు

స్విఫ్ట్, పోలో వంటి కార్లకు వెనక టార్షన్ బీమ్. రెండు చక్రాలూ ఒకే దూలానికి బిగించి ఉంటాయి కాబట్టి కారు సమంగా దిగినప్పుడు వాటి క్యాంబర్, టో పెద్దగా మారవు. సర్దడానికి మర కూడా లేదు, తప్పనిసరైతే ఇరుసు వెనక పల్చటి షిమ్‌లు పెట్టాలి. స్కోడా ఆక్టేవియా వీఆర్ఎస్ లాంటి మల్టీలింక్ కార్లలో (ఒక్కో వెనక చక్రాన్ని విడివిడిగా కొన్ని ఆర్ములు పట్టుకునే వాటిలో) మాత్రం వెనక కూడా క్యాంబర్, టో రెండూ కదులుతాయి, వాటికి సర్దుబాటు బోల్టులూ ఉంటాయి. అలాంటి కారుకు ముందు చక్రాలు మాత్రమే చూసి పంపితే సగం పనే. వెనక చక్రాలు రెండూ కలిసి ఒక పక్కకు చూస్తుంటే కారు పీత నడక నడుస్తుంది, దాన్ని సరిపెట్టడానికి స్టీరింగు వంకరగా పట్టుకోవాల్సి వస్తుంది. కొలతలు వెనక నుంచి మొదలుపెట్టి, క్యాస్టర్, క్యాంబర్ చూసుకుని, ముందు టోను చివర సర్దడానికి కారణం ఇదే. క్యాంబర్ ముట్టుకుంటే టో చెదురుతుంది, టో ముట్టుకుంటే క్యాంబర్ దాదాపు చెదరదు.

ముందు ఎక్కువగా, వెనక తక్కువగా దించితే క్యాస్టర్ కూడా తగ్గుతుంది. స్విఫ్ట్ వీల్‌బేస్ 2450 మి.మీ. ముందు 40, వెనక 20 దించితే ఆ 20 తేడా కారును దాదాపు 0°28′ ముందుకు వంచుతుంది, క్యాస్టర్ అంతే పోతుంది. స్టీరింగు కాస్త తేలికై, నిటారుగా రావడంలో బద్ధకం చూపిస్తుంది.

ఎత్తు, చట్టం

స్విఫ్ట్ గ్రౌండ్ క్లియరెన్స్ 163 మి.మీ. 35 తీసేస్తే 128, అదీ ఖాళీ కారుకు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం స్పీడ్ బ్రేకర్ 3.7 మీటర్ల వెడల్పున 100 మి.మీ. ఎత్తు ఉండాలి. మన వీధుల్లోవి ఆ ప్రమాణం ఎప్పుడు విన్నాయో దేవుడికే తెలియాలి.

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కంపెనీ నిర్దేశించిన వివరాలకు, రిజిస్ట్రేషన్ పత్రానికి తేడా వచ్చేలా వాహనాన్ని మార్చకూడదంటుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీన్ని గట్టిగా చెప్పింది. అదే ఏడాది సవరణతో అనుమతి లేని మార్పుకు ఒక్కోదానికి రూ.5,000 జరిమానా లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ విధించే వీలు వచ్చింది. స్ప్రింగు మార్పు రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలను ముట్టుకోదు కదా అనేది ఔత్సాహికుల వాదన. కంపెనీ నిర్దేశానికి భిన్నమైనది ఏదైనా మార్పేనన్నది ఎదుటి వాదన. బీమా క్లెయిము సమయంలో ఏది గెలుస్తుందో ముందే ఊహించుకుని దిగడం మంచిది.

యంత్రం చూడనివి

అలైన్‌మెంట్ యంత్రం నిలబడి ఉన్న కారును కొలుస్తుంది. అలైన్‌మెంట్ సరిగ్గా ఉండి కూడా టైర్లు అరుగుతుంటే, కారు రోడ్డు మీద తడబడుతుంటే, కారణం ఈ కింది చోట్లలో ఉంటుంది.

మొదటిది లోయర్ ఆర్మ్‌ను బాడీకి బిగించే చోట ఉండే రబ్బరు బుష్. ఈ బుష్‌లో రబ్బరు లోపలి గొట్టానికీ బయటి గొట్టానికీ అతికి ఉంటుంది, అది తిరగదు, మెలికపడుతుంది. లిఫ్టు మీద చక్రం వేలాడుతుండగా బోల్టు బిగిస్తే ఆ వేలాడే స్థితే దానికి విశ్రాంతి స్థితి అవుతుంది. కారు నేల మీదికి దిగగానే రబ్బరు రోజంతా మెలికతో ఉండిపోతుంది. కారు కాస్త ఎత్తుగా నిలబడుతుంది, బుష్ ముందుగా చిరుగుతుంది, ఆ చిరిగిన రోజున టో మళ్లీ చెదురుతుంది. చక్రాల మీద బరువు పడ్డాక బోల్టు బిగించాలన్న నియమం ఇందుకే.

రెండోది కోసిన స్ప్రింగు. ఐదు చుట్ల స్ప్రింగులో ఒక చుట్టు కోస్తే ఎత్తు తగ్గడంతో పాటు మిగిలిన స్ప్రింగు గట్టిదనం పాతికశాతం పెరుగుతుంది. కానీ కోసిన కొస ఆసనంలో సరిగ్గా కూర్చోదు. గుంతలో చక్రం వేలాడినప్పుడు స్ప్రింగు వదులై జరుగుతుంది, ఎడమ కుడుల ఎత్తు ఏ రోజుకా రోజు మారుతుంది. అలాంటి కారుకు ఇవాళ తీసిన రిపోర్టు రేపటికి చెల్లదు. కొత్త స్ప్రింగులు కూడా మొదటి కొన్ని వందల కిలోమీటర్లలో కొద్దిగా కూర్చుంటాయి. అందుకే వేసిన రోజు టో సర్ది, కూర్చున్నాక మళ్లీ చూసేవాళ్లు ఉన్నారు. మొదటిది దండగ అనేవాళ్లూ ఉన్నారు. మొదటి రోజు టో అర డిగ్రీకి పైగా చెదిరిన కారును అలాగే వెయ్యి కిలోమీటర్లు తిప్పితే మిగిలే దండగ ఎక్కువ.

మూడోది బంప్ స్టీర్. నిలబడినప్పుడు టో సున్నాయే. ఎడమ చక్రం ఒక్కటే గుంతలో పడి లేచినప్పుడు టై రాడ్, లోయర్ ఆర్మ్ వేర్వేరు చాపాల మీద కదిలి ఆ చక్రాన్ని తమంతట తామే కాస్త తిప్పుతాయి. డ్రైవరు స్టీరింగు కదపకుండానే కారు పక్కకు ఉలికిపడుతుంది. ప్రతి ఎగుడుదిగుడుకూ టో మారుతూ ఉంటే టైరు ఎంత మంచి రిపోర్టు ఉన్నా అరుగుతుంది. దీన్ని పట్టుకోవడానికి కొందరు స్ప్రింగు తీసేసి, చక్రాన్ని జాకీతో నిలబడే ఎత్తుకు అటూ ఇటూ 30 మి.మీ. పైకీ కిందికీ కదిపి, టో ఎలా మారుతోందో ప్రతి 10 మి.మీ.కూ రాసుకుంటారు. ఆ పట్టికలో తేడా కొన్ని నిమిషాల్లో ఉంటే కారు ఆ ఎత్తుకు సరిపోయినట్టే. దిగేకొద్దీ తేడా పెరుగుతూ పోతే టై రాడ్ చివరనో, బాల్ జాయింట్‌నో ఎత్తు మార్చే భాగాలు వేయాలి, లేదా కారును 10, 15 మిల్లీమీటర్లు తిరిగి పైకి లేపాలి. రెండోది చవక.